ఎడమకు లాగని మెరుపు

మెరుపు కారు ఇరవై తొమ్మిదేళ్ళ తర్వాత మళ్ళీ రోడ్డు మీదికి వచ్చినప్పుడు కంపెనీకి అందిన మొదటి ఫిర్యాదు, అది చెడిపోవడం లేదని.

ఆ ఉత్తరం చూసి ఎర్రోజు ఇందుమతి నవ్వుకుంది. ఎవరో సరదాగా మెచ్చుకున్నారనుకుంది. నాలుగేళ్ళు ఆ కారు మీద పనిచేసిన ఇంజనీర్లలో ఆమె ఒకతె. బ్రేకుల పని మొత్తం ఆమె చేతి మీదుగానే జరిగింది. వానలో, ఇసుకలో, దిగుడు రోడ్డులో, ఎంత వేగంలో తొక్కినా కారు గీత గీసినట్టు నిలబడాలని ఆమె పట్టు. నిలబడేలా చేసింది కూడా. అందుకే ఆ ఉత్తరాన్ని తన బల్ల ముందున్న బోర్డుకు గుచ్చుకుంది. మధ్యాహ్నానికి అలాంటివే మరో పదకొండు వచ్చాయి. సాయంత్రానికి ఎండీ ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది.

మెరుపు సంగతి తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. వాయువేగ మోటార్స్ అనే కంపెనీ సదాశివపేట దాటాక ఉన్న తన ఫ్యాక్టరీలో ఒకప్పుడు తయారుచేసిన రెండు తలుపుల ఎర్ర కారు అది. పన్నెండేళ్ళు అమ్మారు. రేసు కారులా కనిపించేది. కనిపించడం వరకే. పొద్దున స్టార్ట్ అయ్యేది కాదు, ఎండాకాలం ఉడికిపోయేది, వానాకాలం లోపలికి నీళ్ళు కారేది. ఎవరూ కొనక ఆపేశారు. ఆపేశాక దాన్ని ప్రేమించేవాళ్ళు పుట్టుకొచ్చారు. మెరుపు మళ్ళీ రావాలని లక్షా పదివేల మంది సంతకాలు పెట్టారు. తీరా కంపెనీ కొత్తగా తయారుచేసి అమ్మకానికి పెడితే కొన్నవాళ్ళు నలభై ఇద్దరు. మిగిలిన లక్షా తొమ్మిదివేల తొమ్మిది వందల యాభై ఎనిమిది మంది దాని రంగు గురించి అభిప్రాయాలు రాస్తూ ఉండిపోయారు.

ఆ నలభై ఇద్దరూ మెరుపు పరిరక్షణ సమితి సభ్యులు. సమితి అధ్యక్షుడు పిడపర్తి విశ్వపతి. తూనికలు, కొలతల శాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఆయన ఇంట్లో పాత మెరుపు ఒకటి పందొమ్మిదేళ్ళుగా దుప్పటి కింద ఉంది. ఇందుమతి సమావేశం గదిలోకి వెళ్ళేసరికి ఆయన ఎండీ పక్కన కూర్చుని, చేతిలో ఫైలు పట్టుకుని ఉన్నాడు. కొత్త మెరుపు కొన్నా, ఆ రోజు మాత్రం డ్రైవరు నడిపే పెద్ద మెత్తటి కారులో వచ్చాడు. ఆ సంగతి ఇందుమతి కిటికీలోంచి గమనించింది.

"మేడమ్ గారూ, మీ కారు మొదటిసారికే స్టార్ట్ అవుతోంది," అన్నాడు విశ్వపతి, కూతురి తప్పు తండ్రికి చెప్పే హెడ్మాస్టరులా.

"అవునండీ."

"ప్రతి రోజూ."

"అవ్వాలి కదండీ."

విశ్వపతి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పదకొండేళ్ళు మా కాలనీ వాళ్ళందరూ కలిసి నా కారు తోశారు. డాక్టరు గారు తోశారు, జడ్జి గారు తోశారు. ఒకాయన తోస్తూ తోస్తూనే మాకు వియ్యంకుడయ్యాడు. ఇప్పుడు తాళం తిప్పగానే వెళ్ళిపోతున్నాను. ఎదురింట్లో ఎవరుంటున్నారో కూడా తెలియడం లేదు. ఇది మెరుపా?"

ఎండీ శశిభూషణ్ తల పంకించాడు. తండ్రి నుంచి కంపెనీతో పాటు కుర్చీ కూడా వచ్చినవాడు. మాట్లాడేటప్పుడు ఎవరి ముఖమూ చూడడు. గోడ మీద తన తండ్రి ఫోటోకు కొంచెం పక్కగా చూస్తాడు. "మనం కస్టమరుకు వాహనం ఇచ్చాం. వారసత్వం ఇవ్వలేకపోయాం," అన్నాడు. "ఈ అంతరాన్ని సంస్థాగతంగా పూరించాలి."

వారం తిరక్కుండా ఆఫీసు ఉత్తర్వు వచ్చింది. "సంప్రదాయ లోపాల పునరుద్ధరణ విభాగం ఏర్పాటు చేయడమైనది. సదరు విభాగానికి కుమారి ఎర్రోజు ఇందుమతి బాధ్యురాలిగా వ్యవహరింతురు. లోపములను సకాలంలో, నాణ్యతతో సమకూర్చవలెను." కింద ఎండీ సంతకం, దాని కింద, ఏ హోదాలోనో ఎవరికీ తెలియదు, విశ్వపతి సంతకం.

విభాగానికి ఒక సలహాదారు కావాలి. పాత మెరుపు రోగాలన్నీ తెలిసిన మనిషి ఒక్కడే మిగిలాడు. పేరు మస్తాన్ అలీ. హైదరాబాదులో ముప్ఫై ఏళ్ళు మెరుపులు బాగుచేసిన మెకానిక్. అరవై ఎనిమిదేళ్ళవాడు, ఎడమ కాలు ఈడ్చి నడుస్తాడు. సమితి వాళ్ళు ఆయన్ని గురువు గారంటారు. ఆయనతో ఫోటోలు దిగుతారు.

ఇందుమతి వెళ్ళి ఆయనకు విషయం చెప్పింది.

"ముప్ఫై ఏండ్లు గివన్నీ పోగొట్టనీకే తిప్పలు పడ్డ బిడ్డా," అన్నాడాయన. "ఇప్పుడు మళ్ళ పెట్టుమంటున్రా?"

"అవును కాకా. లిస్టు కూడా అడిగిన్రు."

"ఎన్ని గావాల్నంట?"

"ఉన్నయన్నీ."

మస్తాన్ చెప్పుకుంటూ పోయాడు, ఇందుమతి రాసుకుంటూ పోయింది. ముప్ఫై ఒకటి లెక్కకొచ్చాయి.

మొదట డాష్‌బోర్డు గడగడ. పాత కారులో ఒక స్క్రూ బిగించడం మరిచిపోవడం వల్ల వచ్చేది అది. కొత్త కారులో స్క్రూ వదులు చేయమన్నారు. ఎంత వదులు అనే దగ్గర తేడా వచ్చింది. విశ్వపతి ఒక పెట్టె తెచ్చాడు. అందులో శబ్దం కొలిచే యంత్రం, స్టాప్ వాచీ, చిన్న టేపు ఉన్నాయి. "నేను ముప్ఫై మూడేళ్ళు సర్వీసు చేశాను. కిలో అంటే కిలో ఉండాలి. లోపం అంటే లోపం ఉండాలి," అన్నాడు. మూడో గేరులో గడగడ, నాలుగో గేరులో కిచకిచ అని తేలేదాకా నలుగురు ఇంజనీర్లు ఆరు రోజులు ఒకే స్క్రూ తిప్పారు. వదులు స్క్రూ తనంతట తాను బిగుసుకోకుండా ఇంకో స్క్రూ పెట్టి బిగించారు.

తర్వాత పెట్రోలు వాసన. నిజంగా పెట్రోలు కారితే ప్రమాదం కాబట్టి, అత్తరు చేసేవాళ్ళని పిలిపించి, పెట్రోలు వాసన వచ్చే చిన్న బిళ్ళ చేయించి సీటు కింద పెట్టారు. సమితి వాసన ఉపసంఘం ఏడుగురు కళ్ళు మూసుకుని వాసన చూశారు. ఆరుగురికి సరిపోయింది. ఏడో ఆయనకు జలుబు చేసింది, ఆయన అభిప్రాయం కోసం పదిరోజులు ఆగారు.

డ్రైవరు వైపు తలుపు లోపలి నుంచి తెరుచుకోకూడదు. అద్దం దించి, చెయ్యి బయటపెట్టి తీయాలి. దానికి సమితిలో కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళున్నారు. వైపరు వాన లేనప్పుడే తిరగాలి. హారను ఎడమకు మలుపు తిప్పితేనే మోగాలి. ఇవన్నీ ఒక్కొక్కటీ వచ్చాయి. పదిసార్లు తాళం తిప్పితే తప్ప కదలకుండా కంప్యూటరుకు నేర్పించడానికి బెంగుళూరు నుంచి ఇద్దరు కుర్ర నిపుణులు వచ్చారు. తొమ్మిదోసారికి స్టార్టైన ఒక కారును సమితి తిప్పి పంపింది.

ఇందుమతికి మొదట్లో కోపం వచ్చింది. తర్వాత నవ్వు వచ్చింది. తర్వాత రెండూ పోయి, జీతానికి చేసే పనిలా అలవాటైపోయింది. గడగడ వల్ల ఎవరూ చావరు కదా అని సర్దిచెప్పుకుంది. అలా ముప్ఫై దాటి, ముప్ఫై ఒకటో లోపం దగ్గరికి వచ్చింది.

పాత మెరుపు బ్రేకు గట్టిగా తొక్కితే ఎడమకు లాగేది.

"అదే దాని ఆత్మ," అన్నాడు విశ్వపతి సమావేశంలో. గొంతు తగ్గించాడు, గుళ్ళో మాట్లాడినట్టు. "మిగిలినవన్నీ ఒంటికి నగలు. ఎడమ వాలు ఆత్మ. బ్రేకు తొక్కామంటే స్టీరింగు చేతుల్లో కొట్టుకునేది. మనిషికీ యంత్రానికీ మధ్య అదొక సంభాషణ. మీటరుకు ఎనిమిది సెంటీమీటర్లు. నేను కొలిచాను."

ఇందుమతి లేచి నిలబడింది. "అది మాత్రం చెయ్యను సార్."

గదిలో కుర్చీలు కదిలాయి.

"అది లోపం కాదు, ప్రమాదం. బ్రేకులు నావి. నేను సంతకం పెట్టను."

శశిభూషణ్ ఫోటో పక్కకు చూశాడు. "ఇందుమతీ, మనం దీన్ని బ్రేకుగా చూడకూడదు. అనుభూతిగా చూడాలి."

"అనుభూతి రోడ్డు పక్క నడిచేవాళ్ళకు తగుల్తది సార్," అంది ఇందుమతి. ఆఫీసులో ఎప్పుడూ రాని ఊరి యాస ఆమె నోట వచ్చేసింది.

ఆమె భయం నిరాధారమని నిరూపించడానికి ప్రభుత్వ అనుమతి అడుగుదామన్నారు. వాహనాలకు ధ్రువపత్రాలిచ్చే కార్యాలయం నుంచి ఒక సహాయ అధికారి వచ్చాడు. సన్నటి మనిషి, పెద్ద ముద్ర. కారు చుట్టూ ఒకసారి తిరిగి, లోపలికి ఎక్కకుండానే కుర్చీలో కూర్చుని రాసుకున్నాడు. ఇందుమతి ప్రమాదం సంగతి వివరించబోతే చెయ్యెత్తి ఆపాడు.

"అమ్మా, ఇందులో చట్టం స్పష్టంగా ఉంది. లోపమైతే అనుమతి లేదు. సంప్రదాయమైతే అభ్యంతరం లేదు. మీరు దరఖాస్తులో ఏమని రాశారు?"

"సంప్రదాయమని," అన్నాడు విశ్వపతి ముందుకు వంగి.

"ఎన్నేళ్ళ సంప్రదాయం?"

"నలభై."

"ముప్ఫై చాలు," అని ముద్ర వేశాడు అధికారి.

ఆ సాయంత్రం షెడ్డులో మస్తాన్ ఒక స్టూలు మీద కూర్చుని కాలు చాపుకున్నాడు. ఇందుమతి అడగలేదు, ఆయనే చెప్పాడు.

"ఎనభై ఎనిమిదిల. బండి బాగుచేసి చూద్దామని రోడ్డు మీదికి తీస్కపోయిన. కుక్క అడ్డమొచ్చింది. బ్రేకు తొక్కిన. బండి ఎడమకు గుంజి మోరీ గోడకు గుద్దింది, నా కాలు నడుమల నలిగింది. మూడు నెలలు దవాఖానల ఉన్న." మోకాలు మీద చెయ్యి రాసుకున్నాడు. "వీళ్ళు నాతోటి వంద ఫోటోలు దిగిన్రు బిడ్డా. ఈ కాలు ఎట్లయిందని ఒక్కడు అడగలే."

ఇందుమతి పనిముట్ల పెట్టె తెరిచింది. ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఒక పని చేశారు. బ్రేకులను ముట్టుకోలేదు. పెడల్ కింద ఒక గట్టి స్ప్రింగు పెట్టారు. తొక్కినప్పుడు మూలిగే చిన్న రేకు ఒకటి బిగించారు. స్టీరింగు కొంచెం వణికేలా చేశారు. కారు మాత్రం ఎప్పటిలా గీత గీసినట్టు నిలబడుతుంది. నలభై రెండు కార్లకూ అదే చేశారు. కాగితం మీద ముప్ఫై ఒకటో లోపం ఎదురుగా ఇందుమతి "పూర్తి" అని రాసింది. కాగితం మీద అబద్ధం రాయడం ఆమెకు జీవితంలో అదే మొదటిసారి. దాన్ని నిజం చేసి రాయడం ఇంకా కష్టమయ్యేదని కూడా ఆమెకు తెలుసు.

పరీక్షకు విశ్వపతి స్వయంగా కూర్చున్నాడు. ఫ్యాక్టరీ లోపలి రోడ్డులో ఇరవై వేగంతో పోయి బ్రేకు తొక్కాడు. రేకు మూలిగింది, స్టీరింగు వణికింది, కారు నేరుగా నిలబడింది. విశ్వపతి మాత్రం తలా భుజాలూ ఎడమకు వాలిపోయాడు. పక్క సీట్లో కూర్చున్న కార్యదర్శి ఆయన్ని చూసి తనూ వాలాడు.

"వచ్చింది," అన్నాడు విశ్వపతి, కళ్ళు తడిచేసుకుని. "నా మెరుపు నాకు వచ్చేసింది."

"ఎంత లాగిందండీ?" అడిగింది ఇందుమతి.

"ఎనిమిది. సరిగ్గా ఎనిమిది."

టేపు పెట్టెలోనే ఉంది. దాన్ని తీయాలని ఎవరికీ అనిపించలేదు.

నెల రోజుల తర్వాత సమితి అనంతగిరి ఘాట్ రోడ్డు మీద ఊరేగింపు పెట్టుకుంది. నలభై రెండు ఎర్ర కార్లు, ముందు విశ్వపతి. వెనక కారులోంచి ఒకరు వీడియో తీస్తున్నారు కాబట్టి ఆయన కొంచెం వేగంగా నడిపాడు. దిగుడులో మూడో మలుపు దగ్గర రోడ్డుకు ఎడమ పక్కన బుచ్చమ్మ అనే ఆవిడ ఎనిమిది మేకలను తోలుకుని పోతోంది. ఒక మేకపిల్ల రోడ్డు మధ్యలోకి వచ్చి నిలబడింది. విశ్వపతి కళ్ళు మూసుకుని బ్రేకు మీద నిలబడ్డంత పని చేశాడు.

కారు నిలబడింది. మేకపిల్లకు మూరెడు దూరంలో, అంగుళం అటూ ఇటూ కాకుండా. బుచ్చమ్మ వచ్చి అద్దంలోంచి తొంగి చూసింది. లోపలి మనిషి తలుపు తీసుకోలేకపోతున్నాడని చూసి బయటి నుంచి తీసింది. తన సీసాలో నీళ్ళు తాగించింది. "ఏం గాలే సారూ, ఏం గాలే," అంటూ వీపు నిమిరింది. విశ్వపతి దిగి రోడ్డు పక్కనున్న ఒక రాతి మీద కూలబడ్డాడు. అరగంట ఆ రాతి మీదే కూర్చున్నాడు. ఆ అరగంటలో ఆయనకు తన ప్రాణం విలువ తెలిసింది. తర్వాత తేరుకున్నాక మరో విషయం తట్టింది. టేపు తీయించి రోడ్డు మీద టైర్ల గీతలు కొలిపించాడు.

నాలుగో రోజు ఫిర్యాదు వచ్చింది. "విషయము: వాహనములో లోపము లేకపోవుట అను తీవ్ర లోపము. పైన తెలిపిన తేదీన, మీటరుకు ఎనిమిది సెంటీమీటర్లు ఎడమకు మళ్ళవలసిన వాహనము ఏమాత్రమూ మళ్ళక నిలిచినందున, మా సభ్యుల మనోభావములు తీవ్రముగా దెబ్బతిన్నవి."

ఇందుమతికి సంజాయిషీ నోటీసు అందింది. బ్రేకులు ఎందుకు పనిచేశాయో పదిహేను రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయవలెనని అందులో ఉంది. ఆమె ఒక్క వాక్యం రాసిచ్చింది. "పనిచేయడానికే చేశాను."

ఆ జవాబు ధిక్కారంగా ఉందని విచారణ పెట్టారు. సమావేశం గదిలో పొడుగు బల్ల వెనక శశిభూషణ్, విశ్వపతి, ఆ సన్నటి సహాయ అధికారి కూర్చున్నారు. ఫిర్యాదు చేసినవాడే తీర్పు చెప్పేవాళ్ళలో ఉండవచ్చా అని ఇందుమతి అడిగితే, ఆయన ఒక హోదాలో ఫిర్యాదు చేశారని, వేరే హోదాలో కూర్చున్నారని అధికారి వివరించాడు. సాక్షిగా బుచ్చమ్మను వికారాబాదు నుంచి కంపెనీ కారులో తెచ్చారు. ఏసీ గదిలో చలికి కొంగు కప్పుకుని నిలబడింది.

"ఆ సమయమున మీరు రోడ్డుకు ఏ వైపున ఉంటిరి?" అధికారి అడిగాడు.

"ఎడమ దిక్కు సారూ. నేనూ మ్యాకలూ."

"సదరు వాహనము మీ వైపునకు ఏమైనా మళ్ళినదా?"

"ఏంది?"

"కారు మీ మీదికి వచ్చిందా అని."

"రాలే."

"కొంచెమైనా? ఎనిమిది సెంటీమీటర్లయినా?"

బుచ్చమ్మ ముగ్గురినీ ఒకరి తర్వాత ఒకరిని చూసింది. "నా మీదికొస్తే నేను ఈడికెట్లొస్త సారూ?"

ముగ్గురూ తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడారు. అధికారి రాసుకుంటూ పైకి చదివాడు. "సాక్షి సజీవముగా, స్వయముగా హాజరగుట చేత, బ్రేకులు పనిచేసినవని నిస్సందేహముగా రుజువైనది."

బుచ్చమ్మ ఇందుమతి దగ్గరికి వచ్చింది. "బిడ్డా, బండి ఆగినందుకా ఈ పంచాయతీ?"

"అవునమ్మా."

"ఆపింది నువ్వేనా?"

ఇందుమతి తలూపింది. బుచ్చమ్మ ఆమె చెంపల మీద రెండు చేతులు పెట్టి, మెటికలు విరిచి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. ఆ గదిలో ఇందుమతికి దొరికిన మెప్పు అదొక్కటే. నాలుగేళ్ళ పనికి అది చాలుననిపించింది.

శిక్ష మర్నాడు ప్రకటించారు. నలభై రెండు కార్లనూ వెనక్కి పిలిపించి, పనిచేస్తున్న బ్రేకులు తీసేసి, ఎడమకు లాగే బ్రేకులు పెట్టాలి. నెల గడువు. ప్రతి కారుకూ ధ్రువపత్రం ఇవ్వాలి. ఆ పనంతా ఇందుమతే దగ్గరుండి చేయించాలి. ఆమె అప్పుడే రాజీనామా రాసి సంచిలో పెట్టుకుంది. మస్తాన్ చూశాడు.

"నువ్వు పోతే ఇంకోడొస్తడు," అన్నాడు. "వాడు నిజంగనే చేస్తడు. కూసో."

కూర్చుంది. అయితే ఈసారి స్ప్రింగులతో, రేకులతో సరిపోదు. కారును దించి, చక్రాలు తీసి, కొలిచి చూస్తారు. ఏం చెయ్యాలో ఆమెకు తోచలేదు. మొదటి కారు సోమవారం రావాలి. ఆదివారం పొద్దున ఆమె ఫోను మోగింది. సమితి కార్యదర్శి.

"మేడమ్, చిన్న మనవి. నేను సమితి నిర్ణయానికి పూర్తిగా కట్టుబడి ఉన్నాను. తీర్మానాన్ని బలపరిచిందే నేను."

"చెప్పండి."

"నా కారులో మా ఆవిడ కూడా కూర్చుంటుంది. మనవరాలు స్కూలుకెళ్తుంది. అందుకని, అందరి బ్రేకులూ మార్చండి. నాది మాత్రం..." ఆగాడు. "సర్టిఫికెట్ ఇస్తే చాలు. ఈ సంగతి మన మధ్యే ఉండాలి."

ఇందుమతి సరేనంది. ఫోను పెట్టేసరికి ఇంకొకటి వచ్చింది. వాసన ఉపసంఘంలో జలుబు చేసిన ఆయన. ఆయనకు గుండె జబ్బట. తర్వాత ఒక డాక్టరు, తర్వాత ఒక బిల్డరు, తర్వాత మెరుపు మీద లక్షమంది చూసే వీడియోలు చేసే ఒకతను. ఎడమ వాలు లేనిది మెరుపే కాదని ముందురోజే అతను కళ్ళ నీళ్ళతో చెప్పిన వీడియో పెట్టాడు. ఒక్కొక్కరికీ ఒక్కొక్క కారణం ఉంది, అందరి మాటా చివరికి ఒకటే. మిగతా వాళ్ళవి మార్చండి, నాది వదిలేయండి, సర్టిఫికెట్ మాత్రం ఇవ్వండి. చక్రాలు తీసి కొలిచి చూడాల్సిన పరిశీలక సంఘంలో ఆరుగురున్నారు. ఆ ఆరుగురూ బుధవారంలోగా ఫోను చేశారు.

నెలాఖరుకు నలభై ఒక్క మంది అయ్యారు. చివరి రోజు విశ్వపతి వచ్చాడు. ఫోను చేయలేదు, స్వయంగా వచ్చాడు. షెడ్డు గుమ్మం దగ్గర కారు ఆపి, అద్దం దించి, చెయ్యి బయట పెట్టి తలుపు తీసుకుని దిగాడు.

"ఏం మేడమ్, పని ఎక్కడిదాకా వచ్చింది?"

"మీదొక్కటే మిగిలిందండీ."

"అందరివీ మార్చేశారా?" ఆయన ముఖం కొంచెం పాలిపోయింది. "నలభై ఒకటీ?"

"నలభై ఒకటికీ సర్టిఫికెట్లు ఇచ్చేశాను."

విశ్వపతి చేతులు వెనక్కి కట్టుకుని షెడ్డంతా ఒక చుట్టు తిరిగాడు. మస్తాన్ ముందు ఆగి, ఏదో అనబోయి, మొదటిసారి ఆయన కాలు వైపు చూశాడు. చూపు తిప్పుకున్నాడు. తిరిగి ఇందుమతి దగ్గరికి వచ్చి, గోడకేసి మాట్లాడాడు.

"నేను అధ్యక్షుణ్ణి. అందరికంటే ముందు నాకే ఉండాలి. అది సూత్రం. కానీ అధ్యక్షుడికి ఏమైనా అయితే సమితి ఏమవుతుంది? ఆ కోణం కూడా ఉంది."

"ఉందండీ."

"సంస్థ ప్రయోజనం దృష్ట్యా..."

"మీకు భయమేస్తోందా విశ్వపతి గారూ?" అంది ఇందుమతి. వెక్కిరింపుగా అనలేదు. ఆయన భయపడుతున్నానని ఒక్కమాట అంటే, ఆ మనిషిని క్షమించేయాలని నిజంగానే అనుకుంది.

విశ్వపతి నిటారుగా నిలబడ్డాడు. "భయమా? ఆ ప్రశ్నే అసంబద్ధం. నాకు మినహాయింపు కావాలి," అన్నాడు.

ఆమె నలభై రెండో సర్టిఫికెట్ మీద సంతకం పెట్టి చేతికిచ్చింది. "పై వాహనములో సంప్రదాయ లోపములన్నియు సంపూర్ణముగా ఉన్నవి." ఆయన దాన్ని రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకుని, తాళం పదిసార్లు తిప్పి వెళ్ళిపోయాడు.

మరుసటి ఆదివారం ఫ్యాక్టరీ ఆవరణలో సన్మాన సభ జరిగింది. లోపాలను సంపూర్ణంగా పునరుద్ధరించినందుకు ఇందుమతికి శాలువా కప్పారు. శశిభూషణ్ మాట్లాడుతూ, వారసత్వమనేది నిలబెట్టుకోవడం కాదు, వదిలిపెట్టకపోవడమని చెప్పాడు. ఆ రెంటికీ తేడా ఏమిటని ఎవరూ అడగలేదు. చప్పట్లు కొట్టారు. విశ్వపతి మైకు తీసుకుని, ఇవాళ వస్తూ వస్తూ దారిలో బ్రేకు తొక్కానని, కారు ఎడమకు లాగిందని, ప్రాణం లేచివచ్చిందని చెప్పాడు. కార్యదర్శి తనదీ లాగిందన్నాడు. వీడియోలతను, తనది తొమ్మిది లాగిందన్నాడు. నలభై ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు సాక్ష్యం చెప్పారు. వినేకొద్దీ ఒక్కొక్కరి ముఖం ఆలోచనలో పడింది. తన ఒక్కడి కారే బాగుందనీ, చుట్టూ ఉన్న నలభై ఒక్క కార్లూ బ్రేకు పడితే ఎడమకు దూకుతాయనీ ప్రతివాడికీ అప్పుడే అర్థమైనట్టుంది.

ఇందుమతి రాజీనామా శశిభూషణ్ చేతికిచ్చింది. ఆయన దాన్ని ధన్యవాదాల కాగితమనుకుని, చదవకుండా చేతులు జోడించాడు. ఆమె, మస్తాన్ నడుచుకుంటూ గేటు దగ్గరికి వచ్చి, ఆటో కోసం నిలబడ్డారు.

కార్లు బయటికి రావడం మొదలైంది. మామూలుగా అయితే సమితి ఇద్దరిద్దరుగా జంట వరసల్లో, హారన్లు మోగించుకుంటూ బయల్దేరుతుంది. ఆ రోజు ఒకరి ఎడమ పక్కన ఉండడానికి ఇంకొకరు ఒప్పుకోలేదు. ముందు మీరు వెళ్ళండంటే మీరు వెళ్ళండని గేటు దగ్గర పావుగంట మర్యాదలు జరిగాయి. చివరికి ఒంటి వరసలో కదిలారు. కారుకూ కారుకూ మధ్య యాభై గజాల ఎడం. ఎవరూ రెండో గేరు వేయలేదు. వెనకవాడికి బ్రేకు తొక్కాల్సిన అవసరం రాకూడదని ముందువాడు, తన ముందువాడు ఎక్కడ బ్రేకు తొక్కుతాడోనని వెనకవాడు. అందరూ రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, మెడలు ముందుకు చాచి, అద్దాల్లో ఒకరినొకరు చూసుకుంటూ పోతున్నారు.

గడ్డి వేసుకుని పోతున్న ఒక ట్రాక్టరు వాళ్ళందరినీ దాటుకుని వెళ్ళింది.

"ఏమైంది వీళ్ళకు? బండ్లు ఖరాబైనయా?" అన్నాడు మస్తాన్.

"లేదు కాకా. అన్నీ మంచిగనే ఉన్నయ్. ఒక్కదాన్ని కూడ మనం ముట్టలేదని వాళ్ళకెరుక లేదు."

మస్తాన్‌కు అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక గేటు దిమ్మె పట్టుకుని నిలబడి, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. ఆటో వచ్చింది. ఇద్దరూ ఎక్కారు. ఆటో కూడా ఆ వరసను దాటుకుని ముందుకు పోయింది.

ఫ్యాక్టరీ గేటు నుంచి సదాశివపేట ఆరు కిలోమీటర్లు. మెరుపులు అక్కడికి చేరడానికి గంటా పది నిమిషాలు పట్టింది. ఒక్కడు కూడా దారిలో బ్రేకు తొక్కలేదు. సమితి పత్రికలో దాన్ని చరిత్రాత్మక పరుగు అని రాసుకున్నారు.